ఓడినవారిని కొలిచే దేశం: ఆస్ట్రేలియా జాతీయ ప్రతీకలు చెప్పేది, దాచేది

ఆస్ట్రేలియాకు అధికారిక చిహ్నాల కొరత లేదు. 1908 నుంచీ ఆ దేశపు రాజముద్ర మీద కంగారూ, ఈము నిలబడి ఉన్నాయి. ఆకుపచ్చ, బంగారు వన్నెలను 1984లో జాతీయ వర్ణాలుగా ప్రకటించారు. మన తుమ్మ జాతికే చెందిన గోల్డెన్ వాటిల్ 1988లో జాతీయ పుష్పమైంది. ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతో వచ్చినవి. జనం తమంతట తాము ఎంచుకుని తరతరాలుగా చెప్పుకుంటున్న ప్రతీకలు మాత్రం వేరు. ఎడారి అంచున ఆకలితో చనిపోయిన అన్వేషకులు, ఉరికంబమెక్కిన బందిపోటు, గొర్రెను దొంగిలించి పోలీసులకు చిక్కకుండా మడుగులో దూకి ప్రాణం వదిలిన దేశదిమ్మరి, పరాయి తీరంలో ఎనిమిది నెలలు పోరాడి ఓడి వెనుదిరిగిన సైన్యం — ఆస్ట్రేలియా జాతీయ గాథలో ముందు వరుస వీరిదే. విజేతల కంటే పరాజితులకే పెద్దపీట వేసిన ఈ గాథ, ఆ గడ్డ మీద జరిగిన అన్నిటికంటే పెద్ద పరాజయాన్ని, అంటే అక్కడి ఆదివాసులు తమ నేలను కోల్పోవడాన్ని, చాలాకాలం తన లెక్కలోకే తీసుకోలేదు. ఆస్ట్రేలియా ప్రతీకలను ఆ లోటుతో కలిపి చదివితే తప్ప వాటి అసలు అర్థం బోధపడదు.

ఈ వరుసలో మొదటివారు బర్క్, విల్స్. 1860 ఆగస్టు 20న మెల్‌బోర్న్ నుంచి ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటేందుకు ఘనంగా బయలుదేరిన యాత్ర వారిది. బ్రిటిష్ ఇండియా నుంచి ప్రత్యేకంగా ఒంటెలను తెప్పించారు. వాటిని తోలేందుకు ఇటునుంచి మనుషులూ వెళ్లారు. ఉత్తర తీరపు ఉప్పునీటి పర్రల దాకా చేరి, తిరుగు ప్రయాణంలో 1861 ఏప్రిల్ 21 సాయంత్రం కూపర్ క్రీక్ దగ్గరి మకాంకు వచ్చేసరికి, నెలల తరబడి వారి కోసం కాచుకున్న బృందం ఆ ఉదయమే మకాం ఎత్తేసి వెళ్లిపోయింది. కొన్ని గంటల తేడాతో తప్పిపోయిన ఆ సహాయమే ఈ కథను ఆస్ట్రేలియా మరచిపోలేని విషాదంగా మార్చింది. బర్క్, విల్స్ ఇద్దరూ ఆ వాగు ఒడ్డునే చనిపోయారు. వారి అంత్యక్రియలకు మెల్‌బోర్న్ నగరం కదిలివచ్చింది, 1865లో వారి విగ్రహం లేచింది. వారు ఆకలితో చనిపోయిన చోటనే యాండ్రువాంధా ప్రజలు తరతరాలుగా చేపలు పట్టుకుంటూ, నార్డూ అనే నీటి మొక్క గింజల్లాంటి బీజకోశాలను దంచుకుని తింటూ బతుకుతుండేవారు. యాత్రికులు కూడా నార్డూ తిన్నారు గానీ, దానిని తినదగినట్టు సిద్ధంచేసే పద్ధతిని పూర్తిగా పట్టుకోలేకపోయారు. బృందంలో బతికి బయటపడ్డ జాన్ కింగ్ ఆ ప్రజల ఆదరణ వల్లనే బతికాడు. ఒకరికి మృత్యుభూమి అయినది మరొకరికి ఇల్లు అన్న సత్యం ఆ కథలోనే ఉంది. విగ్రహం కట్టించినవారు చెప్పుకోవాలనుకున్న కథలో దానికి చోటు దొరకలేదు.

నెడ్ కెల్లీ సంగతి మరింత చిక్కైనది. ఐర్లండ్ నుంచి శిక్షపడి వచ్చిన ఖైదీ కొడుకు, ఈశాన్య విక్టోరియాలోని నిరుపేద సేద్యగాళ్ల కుటుంబంవాడు. 1878 అక్టోబరులో స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర అతని ముఠా చేతిలో ముగ్గురు పోలీసులు చనిపోయారు. ఆ తర్వాత రెండు బ్యాంకులను దోచుకుంది ఆ ముఠా. 1879లో అతడు తన మాటల్లో రాయించి జెరిల్డరీ ఊరిలో అందజేసిన పొడవైన ఉత్తరం పోలీసుల దౌర్జన్యం మీద, పెద్ద భూస్వాముల పెత్తనం మీద, ఐరిష్ పేదలకు జరిగిన అన్యాయం మీద ఎక్కుపెట్టిన అభియోగపత్రం. నాగళ్ల ఇనుప రెక్కలను కాల్చి సాగగొట్టి చేసిన కవచం తొడుక్కుని 1880 జూన్‌లో గ్లెన్‌రోవన్‌లో పోలీసులను ఎదుర్కొన్నాడు. కవచం కప్పని కాళ్లలో గుండ్లు దిగి కూలిపోయాడు. క్షమాభిక్ష కోరుతూ ముప్పై వేలకు పైగా సంతకాలు వచ్చినా ఆ ఏడాది నవంబరు 11న మెల్‌బోర్న్ జైలులో ఉరి తీశారు.

ఉరి తర్వాత కెల్లీ మరింత పెరిగాడు. అతని కథతో 1906లో తీసిన చిత్రం ప్రపంచంలోనే తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా గుర్తింపు పొందింది. 1946, 47 సంవత్సరాల్లో చిత్రకారుడు సిడ్నీ నోలన్ గీసిన బొమ్మల వరుస ఆ నల్లని చతురస్రపు శిరస్త్రాణాన్ని ఆస్ట్రేలియా కళలో చెరగని ఆకారంగా నిలిపింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా చూస్తుండగా ఆ ఆకారాలు మైదానమంతా తిరిగాయి. తమ దేశాన్ని లోకానికి పరిచయం చేసుకునే వేళ, ఉరిశిక్ష పడ్డ మనిషిని నడిమధ్యన నిలబెట్టగల దేశాలు అరుదు. దీనిని కేవలం నేరస్థుడి ఆరాధన అనడం న్యాయం కాదు. మరణించిన పోలీసుల వారసుల బాధను పక్కన పెట్టి కెల్లీని పేదల నాయకుడిగా మాత్రమే చూడడమూ న్యాయం కాదు. ఆస్ట్రేలియన్లు తరతరాలుగా ఈ రెండు తీర్పుల మధ్య వాదించుకుంటూనే ఉన్నారు. ఏ పక్షమూ అంతగా తలచుకోని విషయం మరొకటుంది. కెల్లీ ముఠాను వెంటాడేందుకు క్వీన్స్‌లాండ్ నుంచి ఆదివాసీ జాడగాళ్లను పిలిపించారు. పోలీసులకు అందని ఆనవాళ్లను చదవగలవారని ముఠా భయపడింది వారికే.

మడుగులో దూకిన దేశదిమ్మరి పాటను బాంజో పాటర్సన్ 1895లో క్వీన్స్‌లాండ్‌లోని వింటన్ పట్టణానికి దూరంగా ఉన్న డాగ్‌వర్త్ గొర్రెల క్షేత్రంలో రాశాడు. పాట పేరు వాల్ట్‌జింగ్ మటిల్డా. చేతిసంచీ తప్ప మరో ఆస్తి లేని మనిషి, గొర్రె తనదంటూ గుర్రమెక్కి వచ్చిన భూస్వామి, అతని వెంట ముగ్గురు పోలీసులు — ఇంతే కథ. దాని వెనుక నిజమైన వైరం ఉంది. గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు 1891లోనూ, 1894లోనూ పెద్ద సమ్మెలు చేశారు. రెండోసారి డాగ్‌వర్త్ షెడ్డును తగలబెట్టారు. సమ్మె చేసినవారిలో ఒకడు దగ్గరలోనే శవమై కనిపించాడు. ఆ సంఘటనే పాటకు మూలమని పలువురు చరిత్రకారులు భావిస్తారు. జాతీయగీతం ఏది కావాలని 1977లో ప్రజలను అడిగినప్పుడు నూటికి 43 మంది అడ్వాన్స్ ఆస్ట్రేలియా ఫెయిర్‌ను, 28 మంది ఈ దేశదిమ్మరి పాటను కోరుకున్నారు. బ్రిటిష్ రాచగీతానికి 19 శాతమే దక్కింది. మొదటి పాట 1984లో జాతీయగీతమైంది. అయినా మైదానాల్లో, పబ్బుల్లో, పరదేశంలో కలుసుకున్న చోట ఆస్ట్రేలియన్ల గొంతులు వాటంతటవే కలిసేది రెండో పాట దగ్గరే.

ఇంతకీ నగరాల్లో బతికే జనం అడవిపట్టు కూలీని, దొంగను తమ ప్రతిబింబంగా ఎందుకు ఎంచుకున్నారు? పందొమ్మిదో శతాబ్దం చివరినాటికే ఆస్ట్రేలియన్లలో ఎక్కువమంది సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి తీర నగరాలకు, పట్టణాలకు అలవాటుపడ్డారు. బుష్ అని పిలుచుకునే లోపలి ప్రాంతం వారికి పత్రికల్లో చదివే కథ, ఆదివారం చూసే బొమ్మ. ఆరు కాలనీలు కలిసి 1901 జనవరి 1న ఒక దేశమయ్యే ముందు, బ్రిటన్ నుంచి తాము వేరని చెప్పుకోవడానికి వారికి ఒక మనిషి రూపం కావలసి వచ్చింది. రాజులు, కోటలు, యుద్ధవిజయాలు వారికి లేవు. 1788 నుంచి 1868 దాకా ఓడల్లో వచ్చిపడ్డ లక్షా అరవై వేలకు పైగా ఖైదీల జ్ఞాపకం ఉంది. అధికారి ముందు తల వంచని తత్వం, తోటివాడిని విడిచిపెట్టని స్నేహధర్మం ఉన్నాయి. 1958లో చరిత్రకారుడు రస్సెల్ వార్డ్ ఈ స్వభావం అంతా ఖైదీల నుంచి, లోపలి ప్రాంతపు సంచార కూలీల నుంచే దేశమంతటికీ పాకిందని వాదించాడు. అది వాస్తవం కంటే నగర కవుల ఊహే ఎక్కువన్నది తర్వాతివారి అభ్యంతరం. రెండింటిలోనూ నిజముంది. ఊహించినదైనా సరే, జనం దానిని నమ్మి అలా మెలగడం మొదలుపెట్టాక అది చరిత్రలో భాగమే అవుతుంది. ఆ రూపంలో స్త్రీకి, ఆసియా వలసదారుకు, ఆదివాసికి చోటు లేకపోవడం కూడా యాదృచ్ఛికం కాదు. కొత్త పార్లమెంటు తొలి ఏడాదే చేసిన చట్టాల్లో శ్వేతేతరుల రాకను అడ్డుకునే వలస నియంత్రణ చట్టం ఒకటి.

ఆ గ్రామీణ కూలీ రూపమే 1915లో సైనిక దుస్తులు వేసుకుంది. ఆ ఏడాది ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సేనలు టర్కీలోని గాలిపోలి తీరంలో దిగాయి. ఆ ఉమ్మడి సేన పేరులోని పొడి అక్షరాల నుంచి వచ్చినదే అన్జాక్ అన్న మాట. ఎనిమిది నెలల తర్వాత, కొండ అంచులను దాటి పెద్దగా ముందుకు సాగకుండానే, డిసెంబరులో రాత్రివేళ గుట్టుగా వెనక్కి తీసుకువచ్చారు. ఎనిమిది వేల మందికి పైగా ఆస్ట్రేలియన్లు అక్కడే ఉండిపోయారు. మొత్తం యుద్ధంలో యాభై లక్షలకు లోపు జనాభా ఉన్న దేశం అరవై వేల మందిని పోగొట్టుకుంది. ఫ్రాన్స్‌లోని ఫ్రొమెల్‌లో 1916 జూలైలో ఒక్క రాత్రిలోనే అయిదున్నర వేల మంది ఆస్ట్రేలియన్లు చనిపోవడమో, గాయపడడమో, బందీలు కావడమో జరిగింది. అయినా జాతీయ స్మృతిలో మొదటి స్థానం గాలిపోలిదే. కొత్త దేశంగా మొదటిసారి లోకం ముందు నిలబడ్డ చోటు అదేనన్న భావన దానికి కారణం. ఆ భావనకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు సేనతోపాటే వెళ్లి అన్నీ కళ్లారా చూసి, అధికారిక యుద్ధచరిత్రకు సంపాదకుడైన చార్ల్స్ బీన్. కాన్‌బెర్రాలో 1941లో తెరుచుకున్న యుద్ధ స్మారక మందిరం ఆయన ఆలోచనే. నేటికీ ఏప్రిల్ 25న తెల్లవారకముందే ప్రతి ఊరి స్మారకస్తంభం దగ్గర జనం నిలబడతారు. అన్జాక్ అన్న పేరును వాణిజ్యానికి ఇష్టం వచ్చినట్టు వాడుకోకుండా చట్టపు రక్షణ ఉంది. ఓట్స్, కొబ్బరితో చేసే అన్జాక్ బిస్కట్లకు కూడా ఆ నియమాలు వర్తిస్తాయి.

ఈ పుణ్యకథలో కూడా వదిలేసిన పేర్లున్నాయి. గాడిద మీద క్షతగాత్రులను మోసుకొచ్చిన సింప్సన్ ప్రతి ఆస్ట్రేలియన్ బడిపిల్లకూ తెలుసు. అతడు ఇంగ్లండ్‌లో పుట్టినవాడు, గాలిపోలిలో నాలుగు వారాలు కూడా బతకలేదు, అక్కడ అతడు మకాం పెట్టింది భారతీయ పర్వత ఫిరంగి దళంతో. గాలిపోలిలో దాదాపు పదిహేను వేల మంది భారత సైనికులు పనిచేశారు. సిక్కులు, గూర్ఖాలు పోరాడారు, కంచరగాడిదల దళాలు నీళ్లు, తూటాలు కొండలపైకి చేరవేశాయి. యూరోపియన్ సంతతి కానివారిని సేనలో చేర్చుకోరాదన్న నిబంధనను ఎలాగోలా దాటుకుని సుమారు వెయ్యి మంది ఆదివాసీ యువకులు మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా తరఫున పోరాడారు. తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వం సేద్యపు భూములు పంచినప్పుడు వారిలో దాదాపు అందరికీ మొండిచెయ్యే ఎదురైంది. ఆ భూములు కొన్నిచోట్ల వారి పూర్వీకులవే.

క్రికెట్ దగ్గరికి వస్తే ఓటమి ప్రీతి మరో రూపంలో కనిపిస్తుంది. బ్రాడ్‌మన్‌ను దేశం కొలిచేది ఎన్నో విజయాల వల్లనే. కానీ ఆయన పేరు తలచుకోగానే నోటికి వచ్చే 99.94 అన్న అంకె, 1948 ఆగస్టులో ఓవల్ మైదానంలో చివరి ఇన్నింగ్స్‌లో సున్నాకే ఔటైనందువల్ల మిగిలినది. నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు సరిగ్గా వంద అయ్యేది. ఆ లోటే ఆయనను మరింత తమవాడిని చేసిందనిపిస్తుంది. ఆయనకు ఎనభై ఏళ్ల ముందే, 1868లో, ఇంగ్లండ్‌లో పర్యటించిన తొలి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు ఆదివాసులది. 47 మ్యాచుల్లో 14 గెలిచి, 14 ఓడి, 19 డ్రా చేసుకుని తిరిగి వచ్చారు. మరుసటి ఏడాదే విక్టోరియా చేసిన ఆదివాసీ రక్షణ చట్టం వారు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పనిచేయాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. ఆదివాసీ మహిళ ఫెయిత్ థామస్ 1958లో మహిళా టెస్టు ఆడింది. పురుషుల జట్టులో ఆదివాసీ మూలాలను గుర్తించిన తొలి ఆటగాడిగా జేసన్ గిలెస్పీ రావడానికి 1996 దాకా పట్టింది. 1868 జట్టులో మేటి ఆటగాడు జానీ ముల్లా పేరిట మెల్‌బోర్న్ బాక్సింగ్ డే (డిసెంబరు 26) టెస్టులో ఉత్తమ ఆటగాడికి 2020 నుంచి పతకం ఇస్తున్నారు. దానిని మొదట అందుకున్నవాడు భారత జట్టుకు నాయకత్వం వహించిన అజింక్య రహానే. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో శతకం కొట్టినప్పుడు తెలుగువారంతా కళ్లప్పగించి చూసిన మైదానం కూడా అదే. 1866లో బాక్సింగ్ డే నాడు ఆదివాసీ జట్టు వేలాది ప్రేక్షకుల ముందు ఆడిన మైదానమూ అదే.

రొట్టె మీద రాసుకునే వెజిమైట్, న్యూజిలాండ్‌తో ఎడతెగని తగవైన పావ్‌లోవా మిఠాయి, అక్యూబ్రా టోపీ, సముద్రతీరంలో ఎరుపు పసుపు టోపీల రక్షకులు వంటి వాటి గురించి పర్యాటక పుస్తకాలు చాలానే చెబుతాయి. అలాంటి పేరుమోసిన ప్రతీకల్లో ఒకటి మాత్రం ఇక్కడ ఆగి చూడదగినది. సిడ్నీ ఒపేరా హౌస్ నమూనా 1957లో డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్‌జోన్‌ది. ఖర్చు మీద ప్రభుత్వంతో వచ్చిన గొడవల్లో ఆయన 1966లో పని వదిలి వెళ్లిపోయాడు. 1973లో భవనం తెరుచుకుంది. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు చేరింది. పూర్తయిన తన సృష్టిని ఆయన చనిపోయేదాకా చూడలేదు. దేశపు ముఖచిత్రమైన ఆ తెరచాపల భవనం నిలిచిన కొనకు పేరు బెన్నెలాంగ్ అనే ఆదివాసిది. కొత్తగా దిగిన గవర్నరు ఫిలిప్ అతడిని బలవంతంగా పట్టి తెప్పించి, తర్వాత మిత్రుడిని చేసుకుని, అక్కడే ఇటుకల ఇల్లు కట్టించి ఇచ్చాడు.

ఆదివాసులు లేనట్టే జాతీయ గాథ అల్లుకున్న దేశం, వారి కళను, ఆకారాలను మాత్రం ఎన్నడూ వదిలిపెట్టలేదు. బూమరాంగ్ లేని జ్ఞాపికల దుకాణం లేదు. 1966లో కొత్త డాలరు నోటు మీద అచ్చైన బొమ్మ ఆర్నెమ్ ల్యాండ్ చిత్రకారుడు డేవిడ్ మలాంగీ గీసిన చెట్టుబెరడు చిత్రం నుంచి తీసినది. ఆయనను ఎవరూ అడగలేదు. సంగతి బయటపడ్డాక రిజర్వ్ బ్యాంకు అధిపతి ఆయనకు వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలవేట సామగ్రి ఇచ్చి పరిహారంగా భావించాడు. అరవై ఏళ్లు కావస్తున్నా సమస్య సమసిపోలేదు. ఇండోనేషియాలో తయారైన వస్తువులను ఆదివాసీ చేతిపనులుగా అమ్మిన సంస్థకు 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పరాయి ఫ్యాక్టరీలో అచ్చుపోసిన బూమరాంగ్‌ను ఆస్ట్రేలియా ఆత్మ అని కొనుక్కుపోయే పర్యాటకుడికి అన్యాయం జరిగింది. దానిని నిజంగా చేయగల చేతులకు జరిగిన అన్యాయం అంతకంటే పెద్దది.

దీనికి ఎదురుగా, ఆదివాసులు తామే చేసుకున్న ప్రతీకలు రెండు తరాల్లో దేశమంతటా పాతుకుపోయాయి. 1971లో హెరాల్డ్ థామస్ రూపొందించిన జెండాలో నలుపు మనుషులకు, ఎరుపు నేలకు, నడుమ పసుపు వృత్తం సూర్యుడికి గుర్తు. అడిలైడ్‌లో మొదట ఎగిరిన ఆ జెండాకు 1995లో అధికారిక హోదా వచ్చింది. 1994 కామన్‌వెల్త్ క్రీడల్లో ఆదివాసీ పరుగుల క్రీడాకారిణి కాథీ ఫ్రీమన్ గెలిచాక దానిని పట్టుకుని పరుగెత్తినందుకు జట్టు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆరేళ్ల తర్వాత సిడ్నీలో ఒలింపిక్ జ్యోతిని వెలిగించినది ఆమే. 400 మీటర్లలో స్వర్ణం గెలిచి రెండు జెండాలూ పట్టుకుని మైదానం చుట్టినప్పుడు లక్షకు పైగా జనం లేచి నిలబడ్డారు.

ఉలురు కథలో ఈ మలుపు మరింత స్పష్టం. ఖండం మధ్యన 348 మీటర్లు ఎత్తున్న ఆ ఎర్రని కొండకు 1873లో సర్వేయరు గాస్ దక్షిణ ఆస్ట్రేలియా నాయకుడు హెన్రీ ఎయర్స్ పేరు పెట్టాడు. 1985 అక్టోబరు 26న కొండను దాని సొంతదారులైన అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు, వారు దానిని జాతీయ పార్కు సంస్థకు కౌలుకిచ్చారు. తమకు పవిత్రమైన చోటును ఎక్కవద్దని అనంగులు ఎంత చెప్పినా దశాబ్దాల పాటు పర్యాటకులు గొలుసు పట్టుకుని ఎక్కుతూనే వచ్చారు. ముప్పై మందికి పైగా చనిపోయారు కూడా. సరిగ్గా 34 ఏళ్లకు, 2019 అక్టోబరు 26న, ఎక్కడాన్ని నిషేధించారు. ఒక ప్రతీకను గౌరవించాలంటే దానిని ఎవరు కాపాడుకుంటూ వచ్చారో వారి మాట వినాలన్న సూత్రం ఇక్కడ అమలైంది. 2017లో ఆదివాసీ ప్రతినిధులు సమావేశమై, పార్లమెంటుకు సలహా ఇచ్చే తమ సంఘానికి రాజ్యాంగంలో చోటివ్వాలని కోరినదీ ఆ కొండ నీడనే. 2023 అక్టోబరు 14న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి అరవై మంది కాదన్నారు, ఆ ప్రతిపాదన ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది. కొండ పేరును, జెండాను, చిత్రలేఖనాన్ని తమవిగా చెప్పుకోవడానికి సిద్ధపడ్డ దేశం, అధికారంలో పాలు దగ్గరికి వచ్చేసరికి వెనుకాడింది. ప్రతీకను స్వీకరించడానికీ హక్కును అంగీకరించడానికీ మధ్య దూరం ఎంతో ఆ ఫలితం కొలిచి చూపింది.

ఆ దూరం మిగిలి ఉన్న మరో చోటు యుద్ధ స్మారక మందిరమే. ఖండమంతటా వలస సేద్యం విస్తరించినకొద్దీ ఆదివాసులతో జరిగిన పోరాటాలు, సామూహిక హత్యలు నూరేళ్లకు పైగా సాగాయి. 1838లో మయాల్ క్రీక్‌లో కనీసం 28 మందిని చంపినందుకు ఏడుగురిని ఉరి తీయడం ఆ చరిత్రలో అరుదైన న్యాయం. 1928లో కూడా కొనిస్టన్‌లో హత్యాకాండ జరిగింది. ఆ పోరాటాల్లో చనిపోయినవారికి కాన్‌బెర్రా మందిరంలో దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గ చోటు లేదు. ఆ చరిత్రను మరింత విస్తారంగా చూపిస్తామని మందిరం 2022లో ప్రకటించినప్పటి నుంచీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. సొంత నేల కోసం పోరాడి ఓడినవారికి, పరాయి నేల మీద ఓడినవారికి ఇచ్చినంత గౌరవం ఇవ్వడంలో ఓడినవారిని కొలిచే సంప్రదాయానికి విరుద్ధమైనది ఏమీ లేదు. పైగా ఆ సంప్రదాయం అసలు కోరేది అదే.

జనవరి 26 వివాదం కూడా ఇందులో భాగమే. 1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీ తీరంలో దిగిన ఆ రోజు జాతీయ దినోత్సవం. 150 ఏళ్ల ఉత్సవం జరిగిన 1938లో ఆదివాసీ నాయకులు సిడ్నీలో దానిని సంతాప దినంగా పాటించారు, ఆ నిరసన నేటికీ ఏటేటా సాగుతోంది. అదే రోజున దేశమంతటా కొత్త పౌరుల చేత ప్రమాణం చేయిస్తారు. 2021 జనగణన నాటికి విదేశాల్లో పుట్టిన ఆస్ట్రేలియన్లలో ఇంగ్లండ్ తర్వాత స్థానం భారత్‌లో పుట్టినవారిదే. ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య యాభై వేలు దాటింది. మన గణతంత్ర దినోత్సవం నాడే ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వం నియమం మార్చి, ఆ ప్రమాణ కార్యక్రమాన్ని మూడు రోజులు ముందైనా వెనుకైనా జరుపుకునే వీలును స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. ఆ తేదీ ఉండాలా, మారాలా అన్న వాదనలో 1901 చట్టం గుమ్మం దాటనివ్వని దేశాల నుంచి వచ్చినవారికీ ఇప్పుడు ఓటుంది.